బెత్తెడు కుడికి

పిన్ను కదల్లేదు. తుపాకులు బాగుచేసే ఆర్వో మత్తిలా, చిన్న సుత్తితో ఇత్తడి కడ్డీ తల మీద మరో రెండు దెబ్బలు మెత్తగా వేశాడు, వంగి చూశాడు, ఒక చుక్క నూనె వదిలి కుర్చీలో వెనక్కి వాలాడు. నూట పదిహేడేళ్ళుగా ఒకే చోట కూర్చున్న పిన్నును తట్టగానే లెమ్మంటే లేస్తుందా? నాననివ్వాలి. ఈలోగా కాఫీ తాగాలి.

పొద్దున్న ఏడున్నర అయింది. నవంబరు పదమూడు. ఎల్లుండి జింకల వేట మొదలు. ఈ చుట్టుపక్కల ఆ రోజు బడులుండవు, పెళ్ళిళ్ళు పెట్టుకోరు, చచ్చేవాళ్ళు కూడా ఓ రెండు వారాలు ఓపిక పడితే బాగుండునని పాస్టరే అంటాడు. పదకొండు నెలలు మూల పడి ఉన్న తుపాకులన్నీ ఆ ముందు వారంలో ఒక్కసారిగా గుర్తొస్తాయి జనానికి. కొస్కెలా వాళ్ళ ఇనప సామాన్ల దుకాణంలో పెయింటు డబ్బాల వరస దాటి వెళ్తే వెనక గదిలో ఆర్వో బల్ల. గోడకి ఆనించి పదకొండు రైఫిళ్ళున్నాయి, ఒక్కొక్కదానికి దారంతో ఒక చీటీ. 'ట్రిగ్గరు బిగుసుకుంటోంది.' 'కాల్చాక తొడుగు బయటికి రావడం లేదు.' 'ఏదో తేడాగా ఉంది, చూడు.' ఈ మూడో రకం చీటీ కనపడితే ఆర్వోకి తల ప్రాణం తోకకొస్తుంది.

అతనికి అరవైతొమ్మిది. ముక్కు మీద ఒకటి, నుదుటి మీద ఒకటి, ఎప్పుడూ రెండు కళ్ళజోళ్ళుంటాయి. సుత్తి దెబ్బలకి నల్లబడ్డ ఎడమ బొటనవేలి గోరు ఏ ఏడూ పూర్తిగా తెల్లబడదు. మోకాళ్ళు గనిలో పోయాయి, చెవులు తుపాకులతో పోయాయి, చేతులు మాత్రం ఇంకా చెప్పిన మాట వింటున్నాయి. పదకొండేళ్ళు ఇనప గనిలో పనిచేశాక గని మూతపడితే, పోస్టులో పాఠాలు తెప్పించుకుని ఈ పని నేర్చుకున్నాడు. ముప్పైఆరేళ్ళుగా ఇదే బల్ల, ఇదే కిటికీ. ఊళ్ళో అతని చేతిమీదుగా వెళ్ళని తుపాకి లేదు. కానీ ఇదిగో ఇది ఆర్వో చేసిన పని అని ఎవరూ వేలెత్తి చూపించలేరు. ఈ పనిలో బాగా చేసినది కనిపించదు, చెడగొట్టిందే కనిపిస్తుంది. ఈమధ్య పొద్దున్న లేవగానే అతనికి ఒళ్ళంతా బరువుగా ఉంటోంది. నిద్రతో తీరే అలసట కాదది. భార్య ఇర్యా, డాక్టరు దగ్గరికి వెళ్ళమంటుంది. సీజను అయ్యాక వెళ్తానంటాడు. ముప్పైఆరేళ్ళుగా అన్నిటికీ అదే జవాబు.

కాఫీ అయ్యాక మళ్ళీ బల్ల మీదికి వంగాడు. బల్లకి బిగించిన వైసులో, చెక్క దవడల మధ్య పడుకుని ఉన్నది స్వీడన్ సైన్యం కోసం చేసిన పాత రైఫిల్. 1898 అని ఉక్కు మీద చెక్కి ఉంది. పొడుగ్గా, సన్నగా ఉంటుంది. దాని పిడి చెక్క చేతులు తగిలి తగిలి తేనె రంగుకి తిరిగింది. దాన్ని వేయికో కెంపైనెన్ పంతొమ్మిదేళ్ళ వయసులో పత్రికలో ప్రకటన చూసి పోస్టులో తెప్పించుకున్నాడు. ఈ ఊళ్ళో చాలామంది తాతలు గనుల పని కోసం ఫిన్లాండు నుంచి సముద్రం దాటి వచ్చినవాళ్ళు, స్వీడన్ వాళ్ళంటే పాత వేళాకోళం. "స్వీడన్ వాడి తుపాకి నీ మాట వింటుందట్రా?" అని ఏడిపించేవారు వేయికోని. "నా మాట వినదు గానీ జింకలు దాని మాట వింటాయి" అనేవాడు వాడు. వేయికో, ఆర్వో ఒకే బెంచీ మీద చదువుకున్నారు, గనిలో ఒకే షిఫ్టులో దిగారు. ఒక మార్చి నెలలో వేయికో మంచుబండి మీద సరస్సు దాటుతుంటే గట్టిగానే ఉందనుకున్న మంచు పగిలింది. అప్పటినుంచి, అంటే ముప్పైమూడు సీజన్లుగా, ఆ తుపాకి అతని అన్న ఓన్నిది.

ఓన్నికి ఇప్పుడు డెబ్బైయేడు. నలభై ఏళ్ళు దుంగల లారీ నడిపిన మనిషి. వారం కిందట దాన్ని తెచ్చి బల్ల మీద పెట్టి, ఒక మాట అడిగి, ఒక షరతు పెట్టి వెళ్ళాడు.

"దీనికి పీప్ సైటు పెట్టరా. వెనక గాడి నాకు కనపడి చావట్లేదు. కానీ ఉక్కుకి ఒక్క బెజ్జం పెట్టినా ఊరుకోను. వాడిది ఇది."

ముసలి కన్ను మూడు దూరాలను ఒక్కసారి పట్టుకోలేదు. తుపాకి మీద వెనక సైటులో గాడి, గొట్టం చివర ముందు సైటు, ఆ అవతల జింక. ఏదో ఒకటి మసకబారుతుంది. గాడికి బదులు ఆవగింజ పట్టేంత చిల్లున్న బిళ్ళ పెడితే కన్నుకి ఒక పని తగ్గుతుంది. చిల్లును చూడనక్కర్లేదు, చిల్లులోంచి చూస్తే చాలు. పాత వెనక సైటు పిన్ను తీసి అదే చోట దించేలా ఈ బిళ్ళలు ఇప్పుడు దొరుకుతున్నాయి, బెజ్జాలు పెట్టే పని లేదు. పెట్టమన్నా ఆర్వో పెట్టేవాడు కాదు. అతను ఏ పాత తుపాకికి ఏం మార్చినా, తీసిన ముక్కను ఒక ఖాకీ కవరులో వేసి, దాని మీద వివరం రాసి, ట్రిగ్గరు చుట్టూ ఉండే కమ్మీకి కట్టి ఇస్తాడు. రేపెవడైనా కావాలనుకుంటే ఉన్నది ఉన్నట్టు పెట్టుకోవాలి, మధ్యలో తానొకడు వచ్చి వెళ్ళినట్టే తెలియకూడదు. అదీ అతని పద్ధతి.

ఓన్నికి కావలసింది సైటు ఒక్కటే కాదు. పోయినేడు అతను కాల్చిన జింక పడలేదు. భుజం వెనక తగలవలసిన తూటా పొట్టలో తగిలింది. అడవిలో వేట క్యాంపువాళ్ళంతా రెండు రోజులు నెత్తుటి చుక్కలు పట్టుకుని తిరిగితే, చిత్తడి నేల దగ్గర చుక్కలు ఆగిపోయాయి. జింక దొరకలేదు. ఇక్కడి మనుషులు చాలా మన్నిస్తారు. తాగుడు మన్నిస్తారు, కోపం మన్నిస్తారు, పక్కవాడి కంచె జరపడం కూడా మన్నిస్తారు. గాయపరిచి వదిలేసిన జింకను మాత్రం మరిచిపోరు, పైకి అనరు, అంతే. వాళ్ళు అనకపోయినా ఓన్ని ఏడాది పొడుగునా తనను తానే నిందించుకుంటున్నాడు.

ఆ తుపాకి ఎడమకి కొడుతుందని అందరికీ తెలుసు. వంద అడుగులేసిన దూరంలో బెత్తెడు ఎడమకి పోతుంది. అందుకని ఓన్ని ముప్పైరెండు సీజన్లూ బెత్తెడు కుడికి గురి పట్టి కాల్చాడు. అది స్వీడన్ వాడి బుద్ధి అనుకున్నాడు. ఆడలేక మద్దెల ఓడన్నాడంటారని ఎవరితోనూ ఒక్క మాట అనలేదు, బాగుచేయమని అడగలేదు. పోయినేడు ఆ పొద్దున కళ్ళు మసకలో గాడి కోసం వెతుక్కుంటూ, కుడికి పట్టాడో మరిచిపోయాడో అతనికే గుర్తులేదు. కన్ను పోయిందా, మతి పోయిందా అన్నది తేలలేదు. కూతురు మార్లీన్ ఇంక వేట మానేయమంది. అప్పుడు ఓన్ని అందరి ముందూ ఒట్టు పెట్టుకున్నాడు. వంద అడుగులేసిన దూరంలో, కేకు ముక్క పెట్టుకునే చిన్న కాగితం పళ్ళెంలో ఐదుకి ఐదు కొడితే ఈ ఏడు అడవిలోకి వెళ్తాడు. ఒక్కటి తప్పినా క్యాంపులో ఉండి మిగతావాళ్ళకి వండిపెడతాడు.

ఎనిమిదింటికి పిన్ను మనసు మార్చుకుంది. గోరంత జరిగింది, తర్వాత వేలంత, తర్వాత టింగుమని రేకు పళ్ళెంలో పడింది. ఆర్వో పాత వెనక సైటు తీసి తుడిచి కవరులో వేశాడు. కొత్త బిళ్ళను దించి, కింద స్ప్రింగును బొటనవేలితో అణిచిపెట్టి పిన్ను తోశాడు. గాజు సీసాకి మూతలా కుదిరింది. వెనక పని అయిపోయింది. కానీ చిల్లు పాత గాడికంటే ఎత్తుగా ఉంది. వెనకది ఎత్తయితే తూటా పైకి పోతుంది కాబట్టి ముందు సైటు కూడా ఎత్తుది పెట్టాలి. అందుకని గొట్టం చివరికి దీపం లాగి, రెండో కళ్ళజోడు దించుకుని చూశాడు.

చూసి, దీపం ఇంకా దగ్గరికి లాక్కున్నాడు.

ముందు సైటు ముక్క గొట్టం మీద అడ్డంగా ఒక గాడిలో కూర్చుని ఉంటుంది, కావాలంటే అటూ ఇటూ జరపొచ్చు. అది ఎక్కడుండాలో తెలియడానికి పీఠం మీద ఉలితో ఒక సన్నని గీత పెడతారు. పనివాళ్ళు దాన్ని సాక్షి గీత అంటారు. స్వీడన్ వాళ్ళు పెట్టిన సాక్షి గీత పీఠం మధ్యలో ఉంది. ముక్క మాత్రం అక్కడ లేదు. గోరు మందం కుడికి జరిగి, ఇంకో గీత దగ్గర ఆగి ఉంది. ఆ రెండో గీత మరీ సన్నగా, చివర కొంచెం కొక్కెంలా వంగి ఉంది. అలా వంపు తిరిగే ఉలి ఈ ఊళ్ళో ఒక్కటే ఉంది. అది ఇప్పుడు కూడా ఆర్వో కుడిచేతి పక్కన డబ్బాలో ఉంది.

అతనికి అంతా గుర్తొచ్చింది. గనిలో పైనుంచి రాయి పడి వేయికో కుడి భుజం విరిగింది. అతుక్కుంది గానీ వంకరగా అతుక్కుంది. అప్పటినుంచి వాడు తుపాకిని నిటారుగా పట్టలేక కుడికి వాల్చి పట్టేవాడు, తూటాలు కుడికి పోయేవి. ఒక అక్టోబరులో ఇదే గదికి వచ్చి "ఒరే, నా భుజం సరిచేయడం డాక్టరు వల్ల కాలేదు, తుపాకినైనా వంకర చేసిపెట్టు" అన్నాడు. ఆర్వో ముందు సైటును కుడికి జరిపి, గీత పెట్టి, వాడి వంకర భుజానికి సరిపడా వంకర గురి కుదిర్చాడు. మరుసటి మార్చిలో వాడు పోయాడు. తుపాకి ఓన్ని చేతికి వెళ్ళినప్పుడు దాన్ని మళ్ళీ మధ్యకి జరపాలి. ఐదు నిమిషాల పని. ఆర్వో జరపలేదు.

అంటే మద్దెల నిజంగానే ఓడు. ఓడు చేసింది తాను. ఆర్వో కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. సిగ్గేసింది. ఎవరూ చూడకపోయినా చెవులు వేడెక్కాయి. ముప్పైమూడేళ్ళుగా ఆ తుపాకి చచ్చిపోయినవాడి భుజంతోనే కాలుస్తోంది, బతికున్నవాడు దాని వెనక నిలబడి తన కన్నును తిట్టుకుంటున్నాడు.

పదింటికి ఫోను మోగింది. ఇర్యా.

"పాస్టీ సంచి ఇక్కడే వదిలేసి వెళ్ళావు."

"ఎవరి ఆస్తి?"

"పాస్టీ! మాంసం, బంగాళాదుంపలూ పెట్టి రాత్రంతా కూర్చుని చేశానే, అది! ఆ చెవిలో మిషను పెట్టుకోమంటే డ్రాయరులో దాచావు, డ్రాయరుకి వినిపించడానికా?"

"మధ్యాహ్నం కంకర గుంటకి వెళ్తూ ఇంటి మీదుగా వస్తాను."

"గొంతేంటి అలా ఉంది?"

"ఏం లేదు. పాత పని ఒకటి బయటపడింది."

ఆర్వో సీసాలోంచి ఒక పాత వెండి డైము తీశాడు. ఇప్పటి నాణేలలో వెండి లేదు, పాతవాటిలో ఉండేది. వెండి ముందు సైటు సందెవేళ కూడా తెల్లగా కనిపిస్తుంది. నాణేన్ని కోసి, ఇనప పాదానికి అతికించి ఆకురాయితో అరగదీశాడు. కావాలనే కొంచెం ఎత్తు ఉంచాడు. ఎత్తు ఎక్కువైతే అరగదీయొచ్చు, తక్కువైతే అతకలేం. తర్వాత పాత ముక్కను ఇత్తడి కడ్డీతో తట్టి తీసి, కొత్తదాన్ని మధ్య గీతకి తెచ్చి ఆపాడు. తన వంకర గీతను చెరపడానికి ఆకురాయి రెండుసార్లు చేతిలోకి తీసుకున్నాడు. చెరపలేదు. పాత ముక్కను కవరులో వేసి, మీద పెన్సిలుతో 'వేయికోది. కుడి గీత' అని రాశాడు.

మధ్యాహ్నం ఊరవతల కంకర గుంటలో ఇసక బస్తాల మీద తుపాకి ఆనించి, తానే కాల్చి చూశాడు. మొదటివి కిందికి పోయాయి. వెండిని కొంచెం అరగదీశాడు, మళ్ళీ కాల్చాడు, మళ్ళీ అరగదీశాడు. తొమ్మిదో తూటాకి తుపాకి చూసినచోటే కొట్టింది. గొట్టం తుడిచి, నూనె పట్టించి, ఒక పెద్ద అట్టకి కొత్త కాగితం పళ్ళెం మేకులతో కొట్టి నిలబెట్టి, ట్రక్కులో కూర్చుని పాస్టీ తిన్నాడు. సగమే తిన్నాడు.

ఓన్ని మూడింటికి వచ్చాడు. ఎరుపూ నలుపూ గళ్ళ ఉన్ని కోటు, దాని కింద ప్యాంటును పట్టి ఉంచే వెడల్పాటి పట్టీలు. తన ట్రక్కు తలుపు వేసి, పళ్ళెం వైపు చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు.

"ఇంకా చిన్నది దొరకలేదట్రా? అగ్గిపెట్టె పెట్టకపోయావా?"

"అన్నా, కాల్చేముందు ఒక మాట వినాలి."

"తుపాకి పాడుచేశావా?"

"ముప్పైమూడేళ్ళ కిందట చేశాను."

నిలబడే అంతా చెప్పాడు. వేయికో భుజం, కుడికి జరిపిన సైటు, మళ్ళీ జరపకపోవడం. ఓన్ని అడ్డు రాలేదు. ఆఖరికి అన్నాడు:

"మర్చిపోయావా?"

"ముందు వాడి తుపాకి ముట్టుకోబుద్ధి కాలేదు. తర్వాత మర్చిపోయాను. నువ్వైనా ఒక్కసారి అడగాల్సింది కదన్నా, ఎడమకి పోతోందని!"

"మా తమ్ముడి తుపాకికి వంకపెట్టడమేంటని ఊరుకున్నాను." ఓన్ని కోటు గుండీలు సర్దుకున్నాడు. "అంటే ఇన్నేళ్ళూ నేను జింక లేనిచోట చూసి జింకను కొట్టానన్నమాట. గొప్పవాణ్ణేరా!"

ఇద్దరూ నవ్వారు. నవ్వు ఆగాక ఓన్ని మెల్లగా అడిగాడు: "అయితే పోయినేటిది నా కన్ను కాదంటావు?"

"సైటు మధ్యలో ఉంటే నువ్వు గుర్తుపెట్టుకోవాల్సిన పనే లేదు. తప్పు నాది."

ఓన్ని ముఖంలో ఏడాదిగా లేని వెలుగు వచ్చింది. దాన్ని చూసి ఆర్వో తన తప్పు తానే మరిచిపోయేంత సంతోషపడ్డాడు. ఓన్ని గొట్టం చివర తడిమి, గోటితో వెతికి, కంటికి కనిపించని ఆ వంకర గీత దగ్గర ఆగాడు.

"చెరపలేదుగా?"

"లేదు. పాత ముక్క కవరులో ఉంది. ఎప్పుడైనా వెనక్కి పెట్టొచ్చు."

"సరే. ఇక బెత్తెడూ లేదు, జానెడూ లేదు. అంతేనా?"

"ఎక్కడ కొట్టాలో అక్కడే చూడు."

ఓన్ని బస్తాల వెనక కూర్చుని పిడిని చెంపకి ఆనించాడు. చిల్లులోంచి చూస్తూనే "ఓరి దేవుడా, కనిపిస్తోందిరా! పళ్ళెం అంచు కూడా కనిపిస్తోంది" అన్నాడు. ఊపిరి వదిలి, ఆగి, కాల్చాడు. ఆర్వో దుర్భిణి కంటికి పెట్టుకున్నాడు.

పళ్ళెం తెల్లగా ఉంది, ఒక్క మచ్చ లేదు. పళ్ళేనికి అవతల అట్ట మీద నల్లటి చుక్క ఉంది. పళ్ళెం నడుముకి సరిగ్గా అదే ఎత్తులో, బెత్తెడు కుడికి.

ఆర్వో దుర్భిణి దించలేదు. అది ఎలా జరిగిందో చూడగానే అర్థమైంది. ఓన్ని మధ్యలోనే చూశాననుకున్నాడు. ట్రిగ్గరు నొక్కే ముందు చెయ్యి తన అలవాటున తాను కుడికి పోయింది. మనిషి మరిచిపోయినా చెయ్యి మరవలేదు. మరి చెయ్యి అంత గట్టిగా గుర్తుపెట్టుకుంటే, పోయినేడు కూడా కుడికి పోయే ఉంటుంది. అలా అయితే ఆ పొద్దున సైటు వంకరా, చేతి వంకరా ఒకదానికొకటి సరిపోయాయి. సరిపోనిది ఒక్క కన్నే.

"ఎక్కడ?" అన్నాడు ఓన్ని.

అంత దూరంలో చిల్లు అతనికి కనిపించదు. లోపలే అంటే చాలు. ఒక్క మాట. ఆ మాట ఆర్వో నాలుక చివరిదాకా వచ్చింది. తాను ముప్పైమూడేళ్ళు బాకీపడ్డ మనిషికి ఆ ఒక్క అబద్ధం ఇచ్చినా తీరదనిపించింది. కానీ పోయినేడు తానూ ఆ చిత్తడి నేల దాకా నెత్తుటి చుక్కలు వెతుక్కుంటూ నడిచాడు. ఆ చివరి చుక్క ఆకు మీద ఎలా ఉందో అతనికి గుర్తుంది.

"బెత్తెడు కుడికి" అన్నాడు.

ఓన్ని పిడి మీంచి చెంప ఎత్తలేదు. గుంట అంచున ఎండిన గడ్డి గాలికి చప్పుడు చేస్తోంది.

"నేను మధ్యలోనే పట్టాననుకున్నాను."

"తెలుసు."

"చెయ్యి దానంతటదే పోయిందన్నమాట. అయితే పోయినేడూ పోయే ఉంటుంది." ఆర్వో దుర్భిణి దించాడు. "నాకు గుర్తులేకపోయినా పోయే ఉంటుంది. కన్నేరా ఆర్వో. కన్నే!"

"అన్నా..."

"ఉండు. లెక్క పూర్తి చెయ్యనీ."

మిగతా నాలుగూ తొందర లేకుండా కాల్చాడు. ప్రతిసారీ ట్రిగ్గరు నొక్కేముందు ఎడమచేతిని బస్తాకి అదిమి, పేరు పెట్టి తిట్టి మరీ కాల్చాడు. నాలుగూ పళ్ళెం నడిమధ్య, ఒకదాన్నొకటి తాకుతూ పడ్డాయి. ఆర్వో ముప్పైఆరేళ్ళలో ఆ గుంటలో అంత మంచి గురి మూడో నాలుగోసార్లు చూశాడేమో.

"మొదటిది లెక్కలోకి రాదన్నా" అన్నాడు ఆర్వో. "నూనె పెట్టిన గొట్టంలోంచి వచ్చే మొదటి తూటా అందరూ వదిలేస్తారు. ఇది ఎక్కడైనా ఉన్న పద్ధతే. ఇంకోటి కాల్చు."

ఓన్ని బోల్టు వెనక్కి లాగి, తుపాకి ఖాళీ చేసి, ఒడిలో పెట్టుకున్నాడు.

"ఆ జింకకి తగిలింది కూడా మొదటిదేరా" అన్నాడు.

ఇద్దరూ కలిసి బస్తాలు ట్రక్కులోకి ఎక్కించారు. అట్టను పారేయబోతే ఓన్ని "నువ్వే ఉంచుకో" అన్నాడు. తుపాకిని పాత దుప్పటిలో చుట్టి, కవరు జారిపోకుండా లోపలికి దోపుకున్నాడు.

"దాన్ని క్యాంపుకి తీసుకెళ్తావా?"

"తీసుకెళ్ళక? లేకపోతే అక్కడ గోడ మీద వాడి మేకు ఖాళీగా ఉంటుంది." లారీ ఎక్కినట్టే చెయ్యి పట్టుకుని, కాలెత్తి, తన చిన్న ట్రక్కు ఎక్కాడు. "బాగా కనిపిస్తోందిరా దీంట్లోంచి. రెండేళ్ళ ముందే రావాల్సింది నీ దగ్గరికి."

"ఏం వండుతావు అక్కడ?"

"ముందు ఉల్లిపాయలు కోస్తాను. ఏడ్చినా ఎవరూ ఎందుకని అడగరు."

ఆ సాయంత్రం ఆర్వో ఇంటికొచ్చి మిగిలిన సగం పాస్టీ బల్ల మీద పెట్టాడు. ఇర్యా దాన్ని చూసింది, అతన్ని చూసింది, ఆవిరి స్నానానికి సౌనా గదిలో నిప్పు వేసింది. మర్నాడు పదకొండు తుపాకులూ యజమానులతో వెళ్ళిపోయాయి. పదిహేనున దుకాణంలో ఈగ కూడా లేదు. ఆర్వో రోజంతా పనిముట్లు తుడుస్తూ, దూరంగా ఎక్కడైనా తుపాకి మోగితే పనికిరాని ఆ చెవుల్నే అటు తిప్పి విన్నాడు.

పదహారున మార్లీన్ వచ్చింది. పెయింటు డబ్బాల దగ్గరే ఆగిపోతే, ఆర్వో లేచి ఎదురు వెళ్ళాడు. ముఖం చూడగానే తెలిసింది.

"నిన్న పొద్దున్న నాన్న అందరికీ పాన్‌కేకులు వేశాడట బాబాయ్. ఆరింటికి వాళ్ళు అడవిలోకి వెళ్ళారు. పదింటికి తిరిగొస్తే కిటికీ దగ్గర బల్ల మీద తల ఆనించుకుని ఉన్నాడు. నిద్రపోయాడనుకున్నారు." ఆమె చేతిగుడ్డ మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెట్టింది. "ఉల్లిపాయలు సగం కోసి ఉన్నాయి."

ఆర్వో పక్కనున్న డబ్బాల మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. తుపాకి మేకు మీదే ఉందని, అందులో తూటా కూడా పెట్టలేదని, అక్కడే ఉంచేశామని చెప్పింది. వెళ్ళబోతూ వెనక్కి తిరిగింది.

"వేటకి ఎందుకు రావట్లేదని క్యాంపులో అడిగితే నాన్న ఒకే మాట అన్నాడట. 'ఆర్వో అబద్ధం చెప్పినా నాకు తెలిసేది కాదు, చెప్పలేదు' అన్నాడట. ఏంటి బాబాయ్ అది?"

"ఏం లేదమ్మా. తూటా ఎక్కడ పడిందని అడిగాడు. చెప్పాను."

ఆమె వెళ్ళాక ఆర్వో వెనక గదిలోకి వచ్చి కూర్చున్నాడు. ఆ రోజు ఏ పనీ ముట్టుకోలేదు. ఆ నిజం చెప్పకుండా ఉంటే ఓన్ని నిన్న పొద్దున్న చలిలో, చెట్ల మధ్య, ఒళ్ళో తుపాకితో ఉండేవాడు. అక్కడే తల వాల్చేవాడేమో. అది మేలో ఇది మేలో అతనికి తెలియలేదు, ఎంత ఆలోచించినా తెలియలేదు. ఏడుపొచ్చింది, ఏడ్చాడు.

దుకాణం మూసేముందు అట్టను వెలుతురులోకి తెచ్చి, నాలుగు వేళ్ళూ కలిపి దాని మీద ఆనించి చూశాడు. వేళ్ళ వెడల్పుకీ ఆ దూరానికీ రవ్వంత తేడా రాలేదు. దాన్ని బయట పారేయలేదు, కిటికీ పక్కన నిలబెట్టాడు. ఇప్పటికీ అక్కడే ఉంది. కాగితం పళ్ళెం నడుమ ఒకదాన్నొకటి తాకుతూ నాలుగు చిల్లులు, వాటికి బెత్తెడు కుడికి, అదే ఎత్తులో, ఒంటిగా మొదటిది.